తొట్టెల నాడు చెప్పని పులి ముచ్చట

రఘునాథపల్లి మండలం,
9 నవంబర్ 2024, శనివారం.

చిరంజీవి సౌభాగ్యవతి శ్రీలతకు, మీ అత్త లింగమ్మ కడుపునిండ దీవించి రాసే ఉత్తరం.

ఇక్కడ మీ మామ, సాయి, నేను, మన బర్రె బాగనే ఉన్నం. దూడ ఒక్కటే లేదు. ఆ దూడ ముచ్చట రాయడానికే ఈ కాగితం ముందటేసుకున్న. అక్కడ నువ్వు, పాప, అమ్మ, నాయిన అందరు మంచిగుండాలని తులసి కాడ కార్తీక దీపం పెట్టినప్పుడల్లా మొక్కుకుంటాన్న. పాపకు దగ్గు తగ్గిందా? వాము వేసి కాచిన నూనె ఛాతికి రాయమని సాయితోటి చెప్పి పంపిన. చెప్పిండో లేదో. కన్న కొడుకైనా వాడు నా మాట ఈ చెవితోటి విని ఆ చెవితోటి వదిలేస్తడు.

ఫోన్లుండంగ ఈ ఉత్తరమేందని నవ్వకు. నా నెంబరు నుంచి నీకు ఫోన్ కలుస్తలేదు. బ్లాక్ చేసినవని ఎవ్వరు చెప్పకుండనే నాకు సమజయింది, నేనేం అంత పిచ్చిదాన్ని కాదు. ఇంకోటి, ఫోన్ల నా నోరు నా మాట వినదు. మొదలు మంచిగనే మాట్లాడుత, నువ్వు ఒకటంటే నేను రెండంట, ఇగ అయిపాయె. కాగితం మీదైతే కొట్టేయచ్చు. ఈ పేజీల ఎన్ని కొట్టివేతలున్నయో చూస్తానవు కదా, అవన్నీ నేను మింగిన మాటలే. ఏడో తరగతి దాక చదివిన చేతిరాత, తప్పులుంటే సర్దుకొని చదువుకో.

ముందుగాల అసలు సంగతి. రేపు కాదు, ఆ పై ఐతారం మీ నాయిన సత్యనారాయణన్న పెద్దమనుషులను కూసోబెడుతాండట. ఆయననే ఫోన్ చేసి మీ మామకు చెప్పిండు. ఆడపిల్ల పుట్టిందని మేము నిన్ను తీసుకరాకుండ సాకులు చెప్తానమట. లేని పులిని ఉన్నదంటానమట. వరంగల్ల వేరు కాపురం పెట్టియ్యకపోతే బిడ్డను పంపడట. మీ మామ ఆఁ ఆఁ అనుకుంట విన్నడు. ఫోన్ పెట్టేసి మగ్గం గుంటల దిగి కూసున్నడు గని, నేసే నాడె చేతికి తీసుకోలె. ఆ రోజు మన ఇంట్ల మగ్గం సప్పుడే లేదు.

నాకు పెద్దమనుషుల భయం లేదు శ్రీలతా. వాళ్లు వస్తరు, చాయ తాగుతరు, తలా ఒక మాట చెప్పి పోతరు. వేరు కాపురం పెట్టుకుంటరా, పెట్టుకోండ్రి. సాయి రోజు పుష్పుల్ రైలెక్కి హన్మకొండల బట్టల షోరూంకే పోతాండు, వానికీ తిప్పలు తప్పుతయి. నేను అడ్డం పడ. గని మా అత్త ఆడపిల్లను వద్దన్నది అనే మాట మనసుల పెట్టుకొని మాత్రం పోవద్దు. రేపు ఆ పిల్ల పెద్దగైనంక ఎవరో ఒకరు దాని చెవిల వేస్తరు, మీ నాయినమ్మ నిన్ను చూసి మూతి ముడిచిందని. అది తల్చుకుంటే నాకు అన్నం పోతలేదు. నా ఫికరంత అదే.

రఘునాథపల్లిల పులేందని మీ అమ్మ కమల వదినె అడిగిందట. అడుగుడుల తప్పు లేదు, నేనైనా అడుగుదు. ఒక దిక్కు హైదరాబాద్ రోడ్డు, తెల్లందాక లారీల మోత. ఇంకో దిక్కు రైలు పట్టాలు. నడుమ పత్తి చేన్లు, మక్క చేన్లు. పులంటే మేడారం దిక్కు అడవిల ఉండాలె గని, బస్సు దిగి ఆటో ఎక్కేంత దూరంల ఎందుకుంటది? మీ నాయిన బట్టల దుకాణంల కూసున్నోళ్లంత నవ్విండ్రట, టోల్‌గేటు కాడ పైసలు కట్టి వచ్చిందా ఆ పులి అని. నవ్వనియ్యి. వాళ్ల కొట్టంల దూడ పోలేదు.

తొట్టెల నాడు ఏమయిందో ఇప్పుడు చెప్త. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదో గూడ చెప్త.

ఆ పొద్దు చీకట్లనే లేచిన. మన్మరాలి తొట్టెల పండుగ కదా, నిద్రేడ పడ్తది. కొత్త చీర కట్టుకునే ముందు పాలు పిండుదామని కొట్టంలకు పోయిన. బర్రె కట్టుగొయ్యను గుంజుతాంది. కండ్లు ఇంతింత చేసి అరుస్తాంది, నన్ను గూడ దగ్గరికి రానియ్యలె. దూడ లేదు. తాడు తెగి ఉన్నది. వెనక దడి ఒక పక్కకు ఒరిగింది. దడి అవతల మక్క చేన్ల ఏదో ఈడ్చుకపోయిన జాడ. నేను లొల్లి చేస్తే పక్కింటి మేకల యాకయ్య ఉరికొచ్చిండు. నీ పెండ్లి బరాత్‌ల అందరికంటె ఎక్కువ ఎగిరి చెప్పు తెంపుకున్నడు చూడు, ఆ యాకయ్యనే. మీ మామ, వాడు జాడ పట్టుకొని పోయిండ్రు, వద్దంటున్నా వెనక నేను పోయిన. గుట్ట కింద రాళ్ల నడుమ దొరికింది. ఏం దొరికిందో రాయ, బాలెంత చదివే కాగితం ఇది. ఆ దూడ పుట్టినప్పుడు నా కొంగుతోనే తుడిచిన. నువ్వు నిండు కడుపుతోటి దాని మూతికి చెయ్యి అందిచ్చి నాకిచ్చుకునేదానివి, గరుకుగుంటదని నవ్వేదానివి.

ఆ పక్కన తడి మట్టిల అడుగులున్నయి. యాకయ్య వంగి చూసి చిరుత అన్నడు.

సాయి, నా బిడ్డ భవాని ముందు రోజు రాత్రి బండికే తొట్టె పట్టుకొని మీ ఇంటికి పోయిండ్రు. పేరు పెట్టవలసింది మేనత్త కాబట్టి వాళ్లు టైముకే ఉండాలె. మీ మామ బర్రె కాడ ఉంట అన్నడు, నన్ను తరిమిండు. అందుకే ఆలస్యమయింది. నేను ఖిలా వరంగల్ల ఆటో దిగేవరకు మీ ఇంట్ల పేరు పెట్టుడు అయిపోయింది. పాటలు గూడ అయిపోవస్తానయి. చీర కుచ్చిళ్లకు అంటిన మట్టి నేను చూసుకోనే లేదు. కమల వదినె గుమ్మంల ఎదురొచ్చి గింత ఆలస్యమేంది వదినె అని అడిగింది.

ఏం చెప్పాలె చెప్పు? పసిపిల్లను మొదటిసారి తొట్టెల వేసే కాడ సావు మాట ఎత్తుతరా? మా అమ్మ గదే చెప్పేది, మా అత్త గదే చెప్పేది, మీ అమ్మమ్మ గూడ నీకు గదే చెప్పి ఉంటది. తొట్టెల కాడ ఏడ్పు మాట, నెత్తురు మాట నోట్లకెళ్లి రావద్దు. మనసుల ఉన్నా మింగి కూసోవాలె. బస్సు దొరకలేదన్న. నోరు అబద్ధమాడింది గని, మొఖానికి ఆడరాలె. నవ్వుదామంటే పెదవులు కదలలె. నువ్వు పాపను తెచ్చి నా ఒళ్లె పెట్టినవు. ఎంత మెత్తగున్నది! పొద్దుగాల రాళ్ల నడుమ చూసింది యాదికొచ్చి, ఎక్కడ ఏడుస్తనో అని మొఖం అటు తిప్పుకొని పాపను భవాని చేతికిచ్చిన. అది మీ మేనత్తలు చూసిండ్రు. ఆడపిల్లని లింగమ్మ మూతి ముడిచిందని ఆ మూల గుసగుసలు పెట్టిండ్రు. నేను విన్న. విని గూడ నోరు తెరవలె. నేను, నోరు తెరవకుండ కూసున్న! మీ మామకు చెప్తే ఇప్పటికీ నమ్మడు.

ఇగ పులిగోరు సంగతి. నీ పెండ్లి నాడు నేనే గొప్పలు పోయిన. మా ఇంట్ల మా అత్త కాలం నాటి పులిగోరున్నది, మొదటి కాన్పుకు ఎవరు పుట్టినా వెండిల కట్టించి మెడల వేస్త, పిల్లలు దడుసుకోరు అని అందరు వినంగ చెప్పిన. తొట్టెల నాడు కమల వదినె అందరి ముందట పులిగోరేది వదినె అని అడిగింది. మర్చిపోయిన అన్న. మగపిల్లాడైతే మర్చిపోవునా అని ఎవరో వెనకనుంచి అన్నరు.

మర్చిపోలే శ్రీలతా. నా చేతిసంచిల, పసుపు గుడ్డల మూట గట్టి ఉన్నది. గని పొద్దుగాల ఆ అడుగులు చూసినంక యాకయ్య నా చెవిల వేసిండు. ఇగ ఫారెస్టోళ్లు వస్తరు, ఇల్లిల్లు వెతుకుతరు, పులిగోరు దొరికితే జేలే అని. అది ఒక భయం. ఇంకో భయం చెప్తే నువ్వు నవ్వుతవు. ముందు రోజు సాయంత్రమే నేను ఆ గోరును పెట్టెలనుంచి తీసి, చింతపండుతోటి వెండి తోమి, ఎండకు పెట్టిన. తెల్లారేసరికి కొట్టంల దూడ లేదు. దాని గోరు వెతుక్కుంట అది వచ్చిందేమో అనిపించింది. గసొంటిదాన్ని తెచ్చి నా మన్మరాలి మెడల ఎట్ల కట్టాలె?

నవ్వినవా? ఇంకా నవ్వేదున్నది, ఆగు.

దీపావళి ఎల్లినంక యాకయ్య మేక పోయింది. అప్పుడు ఫారెస్టోళ్లు నిజంగనే వచ్చిండ్రు. బీట్ ఆఫీసరంటే మీసాలోడు వస్తడనుకున్న. వచ్చింది ఒక పోరి, నీ ఈడుదే, రాజశ్రీ అని పేరు. ఖాకీ బట్టలు, కాళ్లకు బూట్లు, స్కూటీ. వచ్చీ రాంగనే నేను ఆ పులిగోరు తీస్కపోయి ఆ పిల్ల చేతుల పెట్టిన. ఇది మా అత్త ఇచ్చింది, నాకేం తెల్వదు, జేలుకు పంపుతే నన్నే పంపు, మా ఆయనకు మోకాళ్ల నొప్పులు, అక్కడ కింద కూసోలేడు అన్న. ఆ పిల్ల దాన్ని ఎండకు పెట్టి చూసింది, గోటితోటి గీకింది, నవ్వు ఆపుకోలేకపోయింది. అమ్మా ఇది బర్రె కొమ్ము, ఎవరో మంచిగ చెక్కి నున్నగ చేసిండ్రు, నిజందైతే నేను తీసుకపోవలసి వచ్చేది, దీన్ని నువ్వే ఉంచుకో అన్నది.

బర్రె కొమ్ము! మా అత్త దానికి దసరా దసరాకు బొట్టు పెట్టింది. నేను గూడ పెట్టిన. మీ మామ చిన్నప్పుడు అది మెడల ఉన్నందుకే తనకు ధైర్యమెక్కువని అందరికి చెప్పుకుంటడు. ఆ రోజు నేను ఆయన మొఖం చూసి ఆయన నా మొఖం చూసి ఒక్కటే నవ్వుడు. దూడ పోయినంక మన ఇంట్ల నవ్వింది అదే మొదటిసారి. నువ్వుంటె ఇంకా నవ్వుదువు, నా మీద కోపమున్నా నవ్వుదువు.

ఆ పిల్లను కూసోబెట్టి చాయ పోసి అడిగిన. నిజం చెప్పు బిడ్డా, ఇసొంటి ఊర్లల్ల పులి ఉంటదా, లేక మేమే భయపడి పిచ్చోళ్లమైతానమా అని. పెద్దపులి సంగతి వేరు, దానికి పెద్ద అడవి కావాలె అన్నది. చిరుతకు అంత అక్కర లేదట. నాలుగు రాళ్ల గుట్టలు, దాక్కోను మక్క చేను, తాగను వాగు నీళ్లు, తినను ఊరకుక్కలు, అడవి పందులు ఉంటే చాలట. చీకటి పడ్డంక వాగు ఒడ్డెంబడి పోతదట, పొద్దంత పండుకుంటదట. పక్కనే ఏండ్లకేండ్లు ఉన్నా మనుషులకు ఎరుక కాకపోవచ్చట. గని దూడ పోయిన ప్రతిసారి అది చిరుతే కావాల్నని లేదు, వేరేవి గూడ పట్టుకపోతయి అని గూడ అన్నది. దూడ కాడి అడుగులు వానకు కొట్టుకపోయినయి. మేక పోయిన కాడ అంత రాతి నేల. అందుకని రెండు కెమెరాలు తెచ్చింది. ఒకటి గుట్ట కింద రాళ్ల కాడ, ఒకటి వాగు దాటే కాడ తుమ్మచెట్టుకు కట్టింది. ముందటికెళ్లి ఏది పోయినా దానంతట అదే ఫొటో తీస్తదట.

ఇగ ఊర్ల చూడాలె. కెమెరాలు కట్టిన తెల్లారి నుంచి పులిని చూడనోడు లేడు. ఒకడు పొద్దుమీకి పత్తి చేన్ల తోక చూసిండట. ఒకామె బాయి కాడ గుర్రుమని విన్నదట, తర్వాత చూస్తే అది వాళ్లాయన పండుకొని గురక పెట్టుడు. ఒక పోరడు వాట్సాప్‌ల మన బస్టాండ్ల పులి అని వీడియో పెట్టిండు, ఆ బస్టాండ్ల బోర్డు మీద మన భాషే లేదు. యాకయ్య అయితే ఇగ పెద్దమనిషి అయిపోయిండు, ఎవరు చాయ పోపిస్తే వాళ్లకు చిరుత గురించి గంట సేపు చెప్తాండు. వీళ్లందరిని చూసినంక మీ నాయిన నమ్మకపోవుడుల తప్పేమున్నది అనిపించింది నాకు గూడ.

గని బిడ్డా, నమ్ముడు నమ్మకపోవుడు దుకాణంల కూసున్నోళ్లకు. నా ఇల్లు ఊరి చివరున్నది. నీకు తెల్సు, స్నానాల గది బయట, దడి అవతలికెళ్లి చేను. సాయి పొద్దుగాల పోతే చీకటి పడ్డంక వస్తడు. మీ మామ మగ్గం గుంటల దిగితే ఇటు ఏమయినా వినపడదు. నువ్వు పాపను ఎండకు పండబెట్టి నీళ్లు తెచ్చుకునేందుకు లోపలికి పోయినా, నా కండ్లు ఆ దడి మీదనే ఉంటయి. అందుకే ఫోన్ల జర ఆగు, ఇప్పుడే రావద్దు అన్న. నేను మాట సక్కగ చెప్పలేదో, నువ్వు సక్కగ వినలేదో. ఏడుపు ఆపుకొని చెప్తే నా గొంతు కటువుగ వస్తది, అది నా పుట్టుక. తొట్టెల నాడు అననిది ఇప్పుడెక్కడినుంచి వచ్చింది ఆ పులి అని నువ్వు అడిగినవు. సక్కని ప్రశ్ననే. అప్పుడు నేను ఫోన్ పెట్టేసిన. అది చూసి ఇంకా అనుమానపడ్డవు.

నువ్వు రాకుంటే నాకేం లాభమో ఒక్కసారి లెక్క చూడు. ఈ మూడో నెల దాటిందంటే నాలుగో నెల సరి నెల, సరి నెలల బాలెంతను గడప దాటియ్యరు. ఇగ ఐదో నెల దాక నా మన్మరాలిని నేను ఎత్తుకోను. అప్పటివరకు బోర్లపడ్తది, మనుషులను గుర్తుపట్టుడు మొదలువెడ్తది, మీ అమ్మను చూసి నవ్వుతది, నన్ను చూసి ఏడుస్తది. అది నేను కావాల్నని చేసుకుంటనా? మీరు పెట్టిన ఆ పేరు ఏదో ఇంగ్లీషు మందు పేరు లెక్కున్నది, నా నోరు తిరగదు, కోపం తెచ్చుకోకు, నేను బుజ్జవ్వ అనే పిలుస్త. రోజు ఎవరు లేనప్పుడు ఖాళీ ఇంట్ల ఒకసారి పిలిచి చూసుకుంట. నేను ఆడపిల్లను వద్దంటనా? నేను ఆడదాన్ని కానా? భవానిని కనలేదా? అది పుట్టినప్పుడు మా అత్త మూతి ముడిస్తే నేను నెల రోజులు ఆమెతోటి మాట్లాడలె, నీకు చెప్పిన కదా ఒకనాడు పత్తి ఏరుకుంట.

సాయి సంగతి అడుగుతవో లేదో, నేనే చెప్త. తినేటప్పుడు ఫోన్ ఎదురుంగ పెట్టుకొని పాప వీడియో చూసుకుంట తింటాండు. పప్పు పోసిననో పులుసు పోసిననో వానికి తెల్వదు. నీ మీద అలిగి కూసున్నట్టు యాక్టింగ్ చేస్తాండు గని, నిన్న నీ కాటన్ చీరలన్ని ఎండకు వేసి మళ్ల మడత పెట్టిండు. మడతలు సక్కగ రాలె, నేను గట్లనే ఉంచిన.

నాలుగు రోజులల్ల రాజశ్రీ వచ్చి కెమెరాలు విప్పుతదట. ఈ ఉత్తరం అప్పటిదాక నా దగ్గరే పెట్టుకుంట. పులి ఫొటో చేతికి రాంగనే దీంతోటి కలిపి భవానికిచ్చి పంపుత, అది హన్మకొండల నుంచి మీ ఇంటికి తెచ్చిస్తది. ఆ ఫొటో మీ నాయిన దుకాణంల అద్దానికి అతికియ్యి. నవ్వినోళ్లందరు దాని కోరలు లెక్కవెట్టుకోవాలె. అప్పుడన్న మా అత్త సాకులు చెప్పలేదని నీకు నమ్మకం కుదురుతది. నాకు పులి దొరకాల్నని లేదు, చంపాల్నని లేదు. దాని మొఖం ఒక్కసారి ఫొటోల పడితే చాలు.

అమ్మకు, నాయినకు నా నమస్కారాలు. అమ్మతోటి కొట్లాట నాకేం లేదని చెప్పు, ఆమె తన బిడ్డ కొరకు అడిగింది, రేపు నువ్వు గూడ గట్లనే అడుగుతవు. పాప అరికాళ్లకు నా ముద్దులు. నువ్వు వేళకు తిను, పాలు సరిపోకుంటే ఎల్లిపాయ కారం అన్నం తిను, చన్నీళ్లు ముట్టకు.

నువ్వు ఎన్ని అనుకున్నా నీ మంచే కోరే,
మీ అత్త,
లింగమ్మ.

తా.క.:
13 నవంబర్, బుధవారం.

పొద్దుగాల రాజశ్రీ వచ్చింది. కెమెరాలు విప్పుకొచ్చి, మన వాకిట్ల మంచం మీద కూసొని ఫొటోలన్ని చూపెట్టింది. వాడకట్టంత వచ్చింది. మేకను పట్టింది దుమ్ములగొండి. కుక్క కంటె పెద్దది, ఒంటి మీద చారలు, వెనక కాళ్లు కుంటినట్టుంటయి. రాళ్ల కాడ దాని ఫొటో సక్కగ పడ్డది. దూడను గూడ అదే పట్టి ఉంటది, ఇప్పుడైతే ఖాయంగ చెప్పలేం అన్నది. చిరుత లేదు శ్రీలతా. ఒక్క ఫొటోల గూడ లేదు. ఇప్పుడు లేదంటే ఎన్నడు రాదని కాదు అని ఆ పిల్ల చెప్తనే ఉన్నది, నాకు ఆ మాటలు ఎక్కలె.

పులి లేదంటే సంతోషపడాలె కదా. నాకు కాలేదు. ఇగ నా మాట ఎవరు నమ్ముతరు? ఈ ఉత్తరం పంపకు, ఏమీ తెలువనట్టే ఉందాం అన్నడు మీ మామ. పొయ్యిల వేద్దామని నేను గూడ పట్టుకొని లేచిన.

అప్పుడే ఆ పోరి వాగు కాడి కెమెరా ఫొటోలు తీసింది. దాంట్ల ఉన్నదంత నేనే. ఏ రోజుది చూసినా నేనే. నెత్తికి తువ్వాల, చేతుల కట్టె, ఇంకో చేతుల బ్యాటరీ లైటు. పులులకు పెట్టిన కెమెరా కదా, మనుషులను తియ్యదనుకున్న. తెల్లవారకముందే ఇక్కడేం పని అమ్మా అని అందరి ముందట అడిగింది. ఏం చెప్పాలె? రోడ్డు కాడ ఆటో దిగి నువ్వు పాపను ఎత్తుకొని నడిచొచ్చే తొవ్వ అదే కదా. దాని మీద అడుగులున్నయా అని రోజు చూసొస్తాన్న. వారం రోజులు ఏ అడుగు కనబడకుంటే నిన్ను రమ్మందామనుకున్న. ఏదో ఒక కుక్కడుగు కనబడేది, నాకు కుక్కదేందో పులిదేందో తెల్వదు, మళ్ల మొదటికొచ్చేది. మీ మామకు గూడ తెల్వదు, పాలు పోసి వస్తాన్ననుకున్నడు. ఫొటోలు చూసినంక ఆయననే, ఉత్తరం పంపు అన్నడు.

ప్రింటు తీపిచ్చి ఇచ్చింది ఆ పిల్ల. అన్నీ పంపుతాన్న. దుమ్ములగొండిది ఒకటి, మిగతయి నావి. ఒక దాంట్ల పొదల కట్టె పెట్టి పొడుస్తాన్న. ఒక దాంట్ల దేన్నో చూసి జడుసుకొని నోరు తెరిచిన, అది కౌజుపిట్ట. ఒక దాంట్ల తొవ్వ మీద కూసొని మొఖానికి కొంగు పెట్టుకున్న. ఏడుస్తాన్ననుకుంటవేమో, కాదు, కంట్ల దుమ్ము పడ్డది. మీ నాయినకు చూపెట్టు, నవ్వనియ్యి. ఐతారం పెద్దమనుషులకు గూడ చూపెట్టు.

పులి లేదు బిడ్డా. నిన్ను ఆగమనడానికి ఇగ నా దగ్గర ఏం లేదు. మూడో నెల ఇంకా ఎల్లిపోలె. శుక్రవారం ఆడబిడ్డను పంపరు కాబట్టి, శనివారం పొద్దుగాల నేనే వస్తాన్న. నమ్మితే పాపకు టోపీ పెట్టి తయారుండు. నమ్మకున్నా టోపీ పెట్టి తయారుండు, కొట్లాట మన ఇంటికొచ్చినంక పెట్టుకుందాం.